రాజు రాలేదు, జనం ఇళ్లకెళ్లారు, షరెత్ మిగిలాడు

1793 మార్చిలో, ఫ్రాన్సు పడమటి తీరానికి దగ్గర్లో ఫోంతెక్లోజ్ అనే చోట ఒక దొర బంగళా ముందు రైతులు గుంపుగా చేరి, మీరే మా ముందు నడవాలి అని అడిగారు. లోపలున్న మనిషికి, షరెత్‌కి, ఇంకా ముప్ఫై నిండలేదు. నేవీలో దాదాపు పదేళ్లు చేసి, ఉద్యోగం వదిలేసి, తనకంటే బాగా పెద్దదైన, ఆస్తి ఉన్న ఒక వితంతువుని పెళ్లాడి, వేటలూ విందులూ అంటూ కాలక్షేపం చేస్తున్నవాడు. కుదరదు పొమ్మన్నాడు. వాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి దొరగారు మంచం కింద దూరితే అక్కణ్నుంచి బయటికి లాగారని చెబుతారు.

మంచం సంగతి తర్వాత ఎవరో అల్లిందైనా కావచ్చు. కానీ అతను ఎగిరి గంతేసి వెళ్లలేదన్నది అతన్ని దేవుడిలా కొలిచేవాళ్లు కూడా ఒప్పుకునే మాటే. సరిగ్గా మూడేళ్లకి, 1796 మార్చిలో, ఇదే మనిషి వెంట నలభై మంది కూడా లేరు. ఒళ్లంతా గాయాలు, అడవిలో పరుగు. ప్రాణాలతో దేశం దాటిపొమ్మని ప్రభుత్వమే దారి చూపించినా ఒప్పుకోలేదు. అప్పటికి అతన్ని బలవంతంగా లాక్కొచ్చిన రైతులు ఎక్కడున్నారు? చాలామంది చచ్చిపోయారు. మిగిలినవాళ్లు ఇళ్లలో ఉన్నారు, పొలాల్లో ఉన్నారు.

ఈ రెండు సీన్ల మధ్య ఏం జరిగిందన్నదే నాకు ఆసక్తి. ఫ్రాన్సువా అతనాస్ షరెత్ గురించి రాసేవాళ్లు మామూలుగా రెండు రకాలు. ఒకళ్లకి అతను రాజు కోసం, దేవుడి కోసం ప్రాణమిచ్చిన వీరుడు. ఇంకొకళ్లకి చరిత్ర చక్రాన్ని వెనక్కి తిప్పబోయిన బందిపోటు. ఇద్దరూ ఒక విషయంలో మాత్రం ఒక్కటే: ఆ తిరుగుబాటునీ ఆ నాయకుడినీ ఒకే గాట కడతారు. రాజభక్తుల తిరుగుబాటు, దానికో రాజభక్త సేనాని, లెక్క సరిపోయింది. నా వాదన ఏంటంటే, సరిపోలేదు. రైతులు కదిలింది తమ ఊరి కోసం. షరెత్ నిలబడింది రాజు కోసం. శత్రువు ఒకడే కావడంతో ఈ రెండూ కొంతకాలం ఒకే జెండా కింద నడిచాయి. విడిపోయిన రోజు ఏదో తేదీతో సహా చెప్పొచ్చు. ఆ తేడా పసిగట్టిన వాడు అతన్ని ఓడించాడు. పసిగట్టలేనివాడు షరెతే.

మన స్కూలు పుస్తకాల్లో ఫ్రెంచి విప్లవం అంటే బాస్టిల్ కోట, గిలెటిన్, రోబెస్పియర్, ఆ తర్వాత నెపోలియన్. అన్నీ పారిస్‌లోనే జరిగినట్టుంటుంది. ల్వార్ నదికి దక్షిణాన వాందే అనే ప్రాంతం ఒకటుందనీ, అక్కడ పేద రైతులే విప్లవం మీద తిరగబడ్డారనీ ఎవరూ చెప్పరు. చెబితే ఇబ్బంది మరి. జనం కోసం వచ్చిన విప్లవం మీద జనమే ఎందుకు తిరగబడతారు?

కారణాలు పెద్ద రహస్యమేం కాదు. 1790లో చర్చి మతగురువులందర్నీ ప్రభుత్వ జీతగాళ్లని చేసి, ఆ తర్వాత కొత్త వ్యవస్థకి విధేయంగా ఉంటామని ప్రమాణం చేయమన్నారు. వాందేలో ఎక్కువమంది చేయలేదు. వాళ్లని తరిమేసి, ఊరికి ముక్కూమొహం తెలియని కొత్త ఫాదర్లని పంపారు. పెళ్లిళ్లు చేసి, పిల్లలకి పేర్లు పెట్టి, చచ్చినవాళ్లని సాగనంపిన పాత ఫాదరు అడవిలో దాక్కుని దొంగచాటుగా పూజ చేస్తుంటే జనానికి ఎలా ఉంటుంది? చర్చి భూముల్ని వేలం వేస్తే కొన్నది చాలావరకు టౌన్లలోని డబ్బున్నవాళ్లు. రైతుకి కాణీ కలిసిరాలేదు. వీటన్నిటి మీదా 1793 ఫిబ్రవరి 24న పారిస్ ఒక చట్టం చేసింది: సరిహద్దు యుద్ధాలకి 3,00,000 మంది కుర్రాళ్లు కావాలి, ఊరూరా పేర్లు రాసి, తక్కువపడితే చీటీలు తీయండి. అధికారంలో ఉన్నవాళ్లకి ఇందులోంచి మినహాయింపు. అంటే ఫాదర్ని తరిమి, భూములు కొనుక్కున్న బాపతు మనుషులే ఇప్పుడు మీ అబ్బాయిని పంపండి అని కాగితం పట్టుకుని వచ్చారు.

తేదీలు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. రాజు పదహారో లూయీ తల తెగింది జనవరి 21న. వాందే ఊళ్లు లేవలేదు. చీటీలు తీసేవాళ్లు వచ్చింది మార్చి మొదట్లో. పది రోజుల్లో ప్రాంతమంతా అంటుకుంది. రాజుని చంపినప్పుడు కదలని జనం కొడుకుల్ని తీసుకెళ్తామన్నప్పుడు కదిలారు.

దీనికి ఎదురు వాదన ఉంది, బలమైనదే. వాళ్ల గుండెల మీద కుట్టుకున్న ఎర్రటి హృదయం గుర్తుతో పాటు "దేవుడు, రాజు" అని ఉండేది కదా, సైన్యం పేరే "క్యాథలిక్, రాజ సైన్యం" కదా అంటారు. నిజమే. వాళ్ల మనసులో చర్చి, రాజు, ఊరు వేరువేరు అరల్లో లేవు. కానీ మొదటి నాయకులెవరో చూడండి. కాతెలీనో ఊరూరా తిరిగి సరుకులమ్ముకునేవాడు. స్తోఫ్లే ఒక దొర గారి అడవికి కాపలాదారు. దొరల దగ్గరికి తర్వాత వెళ్లారు, తుపాకీ పేల్చడం, సైన్యం నడపడం తెలిసినవాళ్లు కావాలని. ఆ దొరలతో పాటే ప్రకటనల భాష వచ్చింది, రాజు మాట ముందుకొచ్చింది.

షరెత్ సంగతి వేరు. అతనిలో రాజభక్తి నిజంగానే ఉంది. వలస వెళ్లిన దొరలు గుమిగూడిన కోబ్లెంజ్‌కి వెళ్లి, వాళ్ల డాబూ దర్పం చూసి విసిగి తిరిగొచ్చాడు. 1792 ఆగస్టు 10న పారిస్‌లో రాజభవనం మీద దాడి జరిగినప్పుడు రాజు పక్షాన అక్కడే ఉన్నాడు, ప్రాణాలు దక్కించుకుని బయటపడ్డాడు. అందుకే మంచం కింద దాక్కున్నాడంటే దాన్ని పిరికితనం అని నేను అనుకోను. రాజుగారి మనుషులు ఎంత గొప్పగా ఓడిపోగలరో రెండుసార్లు కళ్లారా చూసినవాడు, కొడవళ్లూ పారలూ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ జనాన్ని చూసి ఏమనుకోవాలి?

మొదట్నుంచీ అతని పేరుకి ఒక మరక అంటుకుంది, అది కడిగేస్తే పోయేది కాదు. అతన్ని నాయకుడిగా పెట్టుకున్న మాష్‌కూల్ పట్టణంలో మార్చి 11 నుంచీ హత్యాకాండ నడుస్తోంది. సూషూ అనేవాడు ఒక కమిటీ పెట్టి, విప్లవ పక్షం వాళ్లని జైల్లోంచి తెప్పించి, ఒకే తాడుకి వరసగా కట్టి, గుంతల దగ్గరికి నడిపించి కాల్చించేవాడు. దానికి జపమాల అని పేరు పెట్టుకున్నారు. చచ్చినవాళ్లు నూరు చిల్లర అని కొందరు, ఐదు వందలు దాటారని అప్పటి రిపబ్లిక్ (విప్లవ ప్రభుత్వం) వర్గాలు. ఏప్రిల్ 22న ప్రభుత్వ సైన్యం ఊరు తిరిగి పట్టుకునేదాకా ఆ వ్యవహారం ఉంది. షరెత్ కొంతమందిని కాపాడాడని అతని పక్షం చెప్పుకుంటుంది. కాపాడి ఉండొచ్చు. సేనాని హోదాలో ఉండి, ఊళ్లో రోజూ ఇది జరుగుతుంటే ఆపలేకపోయాడు, లేదా ఆపలేదు. నా దృష్టిలో ఈ రెంటికీ పెద్ద తేడా లేదు.

ఈ సైన్యం ఎలా ఉండేదో కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ అర్థం కాదు. జీతాలు లేవు, యూనిఫారం లేదు, చాలామంది కాళ్లకి చెక్క చెప్పులు. చర్చి గంట మోగితే వచ్చేవాళ్లు. గుట్టల మీద గాలిమరల రెక్కలు ఏ కోణంలో ఆగి ఉన్నాయో చూసి శత్రువు వస్తున్నాడో వెళ్లాడో తెలుసుకునేవాళ్లు. వాందే లోపలి భూమంతా ఎత్తైన పొదల కంచెలు, రెండు గట్ల మధ్య లోతుగా దిగిపోయిన బాటలు. బండి బాట మీద వస్తున్న, నీలికోటు వేసుకున్న ప్రభుత్వ సిపాయికి పది అడుగుల అవతల ఎవరున్నారో కనపడదు. కంచె వెనక రైతుకి అన్నీ కనపడతాయి. కొట్టి, తుపాకులు లాక్కుని, మాయం. మూడు నాలుగు రోజులు యుద్ధం చేసి, గెలిచినా ఓడినా, చొక్కా మార్చుకోవాలి, గొడ్లకి మేత వేయాలి అని ఇళ్లకి వెళ్లిపోయేవాళ్లు. సేనాని వద్దంటే ఆగరు. పెద్ద పట్టణాలు పట్టుకున్నా నిలబెట్టుకోలేకపోవడానికి ఇదొక కారణం. జూన్‌లో సోమ్యూర్ గెలిచారు, దాన్ని కాపలా కాయడానికి మనుషుల్ని ఉంచలేకపోయారు. అదే నెల 29న నాంత్ నగరం మీద అందరూ కలిసి దాడి చేశారు. దక్షిణం వైపు నుంచి షరెత్ ఫిరంగులు. అవతలి వైపు కాతెలీనోకి ప్రాణాంతకమైన తూటా తగిలింది. ఆయన పడిపోవడం చూసి ఆయన మనుషులు చెదిరిపోయారు. అక్కడితో ఆ దాడి కథ ముగిసింది.

ఈ దళాలు ఊరి పేరు మీద వచ్చాయి, ఊరి దగ్గర ఉన్నంతకాలం పోరాడతాయి, అంతే. సేనానుల్లో ఆ విషయం ఒంట్లోకి ఎక్కించుకున్నది షరెత్ ఒక్కడే అనిపిస్తుంది నాకు. తక్కిన దొరలకి అతనంటే గిట్టేది కాదు, అతనికీ వాళ్లంటే గిట్టేది కాదు. సెప్టెంబరులో క్లెబెర్ లాంటి సేనాని తెచ్చిన మంచి సైన్యాన్ని తొర్ఫూ దగ్గర అందరూ కలిసి తరిమారు, రెండు రోజులకే మోంతేగ్యూ గెలిచారు. ఆ వెంటనే పేచీ. అలిగినట్టు షరెత్ తన మనుషుల్ని తీసుకుని సముద్రం వైపు వెళ్లిపోయి అక్టోబరు 12న న్వార్‌మూతియే దీవిని పట్టుకున్నాడు. ఐదు రోజులకి షొలే దగ్గర మిగతా సైన్యం చిత్తుగా ఓడింది. ఆడవాళ్లూ పిల్లలూ ముసలివాళ్లతో సహా వేలకి వేల మంది ల్వార్ నది దాటి ఉత్తరానికి వెళ్లారు, ఇంగ్లీషు ఓడలు వస్తాయన్న ఆశతో గ్రాంవిల్ రేవుదాకా. ఓడలు రాలేదు. తిరుగుదారిలో చలి, విరేచనాలు, ల మాన్‌లో ఊచకోత, డిసెంబరు 23న సావెనేలో ఆఖరి దెబ్బ. నది దాటినవాళ్లలో కొద్దిమందే వెనక్కి చేరారు.

షరెత్ షొలేలో ఉంటే ఫలితం మారేదా? మారేదని అతన్ని తిట్టేవాళ్లు చాలామంది. నాకు నమ్మకం లేదు. అతని అలక నీచమైనదే, కానీ ఆ అలక వల్లే వాందేలో ఒక సైన్యం మిగిలింది.

మిగలడం కూడా వెంట్రుకవాసిలో. డిసెంబరు 6న బువాన్ అనే చిత్తడి దీవిలో అతన్ని చుట్టుముట్టారు. అక్కడి నేల గురించి చెప్పాలి: ఉప్పు మడులు, వాటి మధ్య నీటి కాలవలు, ఒక వైపు సముద్రం, ఎండకాలంలోనే దారి తెలియదు, డిసెంబరులో అంతా బురద. బాటలన్నిటి మీదా నీలికోట్లు. షరెత్ ఫిరంగుల్ని పనికిరాకుండా చేయించాడు, గుర్రాల్ని వదిలేయించాడు. ఆ ప్రాంతం రైతులు కాలవ దాటాలంటే పొడవాటి గెడ నీళ్లలో నాటి, దాన్ని ఊతం చేసుకుని అవతలి గట్టుకి ఎగురుతారు. నడుము లోతు చలినీళ్లలో, ఆ గెడల మీద కాలవ తర్వాత కాలవ దాటుకుంటూ సైన్యం జారుకుంది. ఇదే పారిస్ నుంచో కోబ్లెంజ్ నుంచో వచ్చిన దొరల దళమైతే అక్కడే చచ్చేది. గాయపడ్డవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు మాత్రం బువాన్‌లోనే ఉండిపోయారు. అతని వీరగాథల్లో గెడల గురించి చాలా రాస్తారు, వెనక ఉండిపోయినవాళ్ల గురించి ఒక వాక్యం. ఆ నెలలోనే ఆ ప్రాంతపు దళాలన్నీ అతన్ని సర్వసేనానిగా ఎన్నుకున్నాయి.

1794 జనవరిలో త్యురో అనే జనరల్ వచ్చాడు. వాందేని అడ్డంగా దువ్వేస్తూ పోయే దండుల్ని తయారుచేసి, ఎదురైన ఊరునల్లా కాల్చమన్నాడు. వాటికి నరక దండులు అని పేరు పడింది. ఫిబ్రవరి 28న లే లూక్ అనే ఊళ్లో జరిగినదానికి అక్కడి ఫాదరు రాసిపెట్టిన జాబితా ఉంది. 564 పేర్లు, వయసులతో సహా. అందులో నూరు మందికి పైగా ఏడేళ్లలోపు పిల్లలు. జాబితాలో అందరూ ఆ ఒక్కరోజే చచ్చారా అన్నదాని మీద చరిత్రకారుల మధ్య గొడవ ఉంది, ఆ పేర్లు నిజం కాదని మాత్రం ఎవరూ అనడం లేదు. అవతల నాంత్‌లో పారిస్ పంపిన ప్రతినిధి కారియే అప్పటికే వేలమందిని పడవల్లో కట్టి నదిలో ముంచేశాడు.

విప్లవాన్ని సమర్థించే మిత్రులు ఇక్కడికొచ్చేసరికి మాష్‌కూల్ మాట తెస్తారు. మాష్‌కూల్ చెప్పగానే అవతలివాళ్లు లే లూక్ అంటారు. ఈ తక్కెడ ఆట నాకు విసుగు. నాకు కావాల్సిన విషయం వేరే ఉంది: 1794లో షరెత్ సైన్యాన్ని నిలబెట్టింది త్యురో. అప్పటిదాకా చొక్కా మార్చుకోవడానికి ఇంటికెళ్లిన రైతుకి ఇప్పుడు ఇల్లు లేదు. ఇంట్లోవాళ్లు లేరు. ఉన్నా అడవిలో ఉన్నారు. రోజంతా ఆయుధంతో ఉండే మనుషులు షరెత్‌కి మొదటిసారి దొరికారు. మార్చిలో లే క్లూజో దగ్గర తనని వెంటాడుతున్న జనరల్ ఆక్సోని చంపారు. త్యురోని మే నెలలో వెనక్కి పిలిచేశారు. ఏ రాజూ కలపలేనంత దగ్గరగా సేనానినీ జనాన్నీ ఆ నాలుగు నెలలు కలిపాయి.

మనిషిగా ఎలా ఉండేవాడు అంటే, వేషం మీద మోజు. టోపీలో తెల్ల ఈక, తలకి కట్టిన రుమాలు, కుట్టుపని చేసిన కోటు, నడుముకి పట్టీ. శిబిరంలో సాయంత్రాలు నాట్యాలు. గుర్రమెక్కి, కత్తి పట్టి యుద్ధానికి వచ్చే ఆడవాళ్లు అతని దళంలో ఉండేవాళ్లు, వాళ్లలో మదామ్ బల్క్‌లే పేరు బాగా తెలిసినదే. ఊళ్లు తగలబడుతుంటే డాన్సులేంటి అని కోపం వస్తుంది, నాకూ వచ్చింది. ఇంకా పెద్ద కోపం మారిన్యీ విషయంలో. తోటి సేనాని, ఒప్పందం ప్రకారం రాలేదని ముగ్గురు నాయకుల సభ అతనికి మరణశిక్ష వేసింది. మరణశిక్షే కావాలని పట్టుబట్టినవాడు షరెత్. జూలైలో స్తోఫ్లే మనుషులు దాన్ని అమలు చేశారు. షొలే వేళకి తాను ఎక్కడున్నాడో మర్చిపోయినట్టున్నాడు.

రోబెస్పియర్ పోయాక పారిస్ గాలి మారింది. కారియే తలే గిలెటిన్ కిందకి వెళ్లింది. ఇక్కడే అసలు మలుపు. 1795 ఫిబ్రవరి 17న నాంత్ దగ్గర లా జోనే అనే బంగళాలో రిపబ్లిక్ షరెత్‌తో సంధి చేసుకుంది. ఏమిచ్చిందో చూడండి: ప్రమాణం చేయని ఫాదర్లతో సహా అందరికీ పూజలు చేసుకునే స్వేచ్ఛ. వాందే కుర్రాళ్లకి సైన్యంలో చేరే బలవంతం లేదు. కాలిపోయిన ఇళ్లకి, పోయిన గొడ్లకి పరిహారం. ఊరి కాపలాకి వాళ్ల మనుషులతోనే దళం, జీతం రిపబ్లిక్‌ది. బదులుగా షరెత్ రిపబ్లిక్‌ని ఒప్పుకోవాలి.

1793 మార్చిలో రైతులు ఏం కావాలని గంట కొట్టారో దాదాపు అదంతా వచ్చేసింది. ఓడిపోయిన తిరుగుబాటుకి ఇంత దక్కడం చరిత్రలో తరచూ చూడం. పది రోజులకి షరెత్ తెల్ల ఈక టోపీ పెట్టుకుని, రిపబ్లిక్ జనరల్ పక్కన గుర్రం మీద నాంత్ వీధుల్లో ఊరేగాడు. జనం కేకలు, చప్పట్లు. ఏడాది క్రితం దాకా జనాన్ని నీళ్లలో ముంచిన ఊరు అది. శాంతి కోసం ఎంత ముఖం వాచి ఉన్నారో ఆ ఒక్క ఊరేగింపు చెబుతుంది.

ఒప్పందంలో లేనిది ఒక్కటే, రాజు. జైల్లో ఉన్న పదేళ్ల పిల్లాడు, పదిహేడో లూయీని అప్పగిస్తామని రహస్యంగా మాటిచ్చారని పుకారు నడిచింది. జూన్ 8న ఆ పిల్లాడు జైల్లో చనిపోయాడు. ఇంగ్లీషు ఓడల్లో వలస దొరల సైన్యం బ్రిటనీ తీరానికి బయల్దేరింది. జూన్ చివర్లో షరెత్ సంధి తెంచి, ముందస్తు మాటైనా లేకుండా లేజెస్సార్‌లోని రిపబ్లిక్ శిబిరం మీద పడ్డాడు.

నేను చెప్పిన తేదీ ఇదే. ఆ రోజునుంచి అతనిది రాజు కోసం యుద్ధం, పూర్తిగా, కల్తీ లేకుండా. అతని అనుచరుల వాదన నాకు తెలుసు: రిపబ్లిక్ మాట తప్పింది, సంధి ఎలాగూ నిలిచేది కాదు. కొన్ని చోట్ల మాట తప్పిన మాట నిజం. అయితే గంట కొట్టినా ఊళ్లు మునుపటిలా ఎందుకు రాలేదు? రెండేళ్లు కాల్చబడి, ఇప్పుడిప్పుడే కప్పు వేసుకుంటున్న ఇంట్లోంచి, గుడిలో తమ పాత ఫాదరు బహిరంగంగా పూజ చేస్తుండగా, ఎవరి కోసం లేచి రావాలి? ఎక్కడో ఇటలీలో, వెరోనాలో కూర్చున్న కొత్త రాజుగారి, చచ్చిన పదహారో లూయీ తమ్ముడి కోసమా?

బ్రిటనీ తీరంలో కిబెరాన్ దగ్గర దిగిన వలస దొరల సైన్యం జూలై 21 కల్లా తుడిచిపెట్టుకుపోయింది. బందీల్ని వందలకొద్దీ కాల్చారు. దానికి ప్రతీకారంగా షరెత్ బెల్‌విల్‌లో తన దగ్గరున్న బందీల్ని, వాళ్లూ వందల్లోనే, చంపించాడు. మాష్‌కూల్‌కి అప్పుడే వచ్చాడు, కొత్తవాడు అని సర్దిచెప్పొచ్చు. బెల్‌విల్‌కి ఆ వెసులుబాటు లేదు. ఆజ్ఞ అతనిదే.

ఇక అవతల ఓష్ వచ్చాడు. రిపబ్లిక్ జనరళ్లలో నాకు నచ్చినవాడు. షరెత్ కంటే చిన్నవాడు, పారిస్ దగ్గర్లో గుర్రాల సావిట్లో పనిచేసే మనిషి కొడుకు. త్యురోకి తట్టనిది ఇతనికి తట్టింది. ఒక ఊరిని చుట్టుముడతాడు. గొడ్లనీ ధాన్యాన్నీ తోలుకుపోతాడు. ఊళ్లో ఇన్ని తుపాకులుండాలి, అవి తెచ్చి అప్పజెప్పండి, మీ ఆవులు మీకొస్తాయి అంటాడు. తెస్తే నిజంగానే వెనక్కి ఇస్తాడు. ఫాదర్ల జోలికి వెళ్లొద్దని సిపాయిలకి ఆజ్ఞ, దోచుకున్నవాడికి శిక్ష. రైతుకి ఆవు, చర్చి, కొడుకు ముఖ్యం, రాజు ఆ తర్వాతే అని అంచనా వేశాడు. తుపాకులు వచ్చాయి.

అక్టోబరులో అందరూ ఎదురుచూసిన మనిషి వచ్చాడు. ఆ కొత్త రాజుగారి తమ్ముడు, ఆర్త్వా ప్రభువు, ఇంగ్లీషు ఓడల్లో యో దీవిలో దిగాడు. అక్కణ్నుంచి వాందే తీరం ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదేమో. షరెత్ మనుషుల్ని కూడగట్టుకుని తీరానికి దారి తీశాడు, ప్రభువు దిగితే చాలు, మళ్లీ దేశం లేస్తుందని. ప్రభువు దిగలేదు. నెలకి పైగా ఆ దీవిలో కూర్చుని, నవంబరు మధ్యలో ఓడెక్కి ఇంగ్లండు వెళ్లిపోయాడు. పోతూ పోతూ ఒక కత్తి బహుమానంగా పంపాడు. ఇంగ్లీషువాళ్లు ఒప్పుకోలేదని, వాతావరణం బాలేదని, తీరంలో నీలికోట్లు కాపలా ఉన్నారని సాకులు చాలా ఉన్నాయి, కొన్ని నిజం కూడా. బువాన్‌లో గెడల మీద కాలవలు దాటిన వాళ్లకి ఆ సాకులు వినిపించమనండి. రెండేళ్లుగా ఈ అన్నదమ్ములు వాందే పేరు చెప్పి ఐరోపా అంతా పబ్బం గడుపుకున్నారు.

ఇక్కడ షరెత్ ఆగిపోయి ఉండొచ్చు. చలికాలం మొదలైంది, మంచి అనుచరుడు గెరాఁ అప్పటికే చచ్చిపోయాడు, ఊళ్లు తుపాకులు అప్పజెబుతున్నాయి, మనుషులు రాత్రికి రాత్రి జారుకుంటున్నారు. ఓష్ వైపు నుంచి, దేశం వదిలి వెళ్లిపో, అడ్డుపడం అని కబురు వచ్చింది. వద్దన్నాడు. ఇది వీరత్వం అనాలా, మొండితనం అనాలా? రెండూ అనొచ్చు, కానీ నాకు కనపడేది ఇంకోటి. రాజు పక్షాన మాట మీద నిలబడ్డ మనిషి ఒక్కడైనా ఉండాలని అతను అనుకుని ఉంటాడు. రాజవంశంలో ఆ మనిషి లేడు కాబట్టి ఆ పని తనే చేశాడు. ఈ మనిషి నాకు నచ్చడు. అయినా ఈ చోటికి వచ్చేసరికి ప్రతిసారీ ఒక పూట ఆగిపోతాను.

1796 ఫిబ్రవరి 25న స్తోఫ్లేని ఆంజే పట్టణంలో కాల్చేశారు. మార్చి 23న రిపబ్లిక్ జనరల్ త్రావో దళం షరెత్‌ని లా షాబొత్రీ అడవిలో చుట్టేసింది. తెల్ల ఈక టోపీ తన నెత్తిన పెట్టుకుని తూటాల్ని తనవైపు తిప్పుకుని చనిపోయిన ఫైఫర్ అనే జర్మను అనుచరుడి కథ చెబుతారు. తల మీదా చేతి మీదా గాయాలతో షరెత్ పట్టుబడ్డాడు. పక్కనే ఉన్న బంగళా వంటింట్లోకి మోసుకెళ్లి కట్లు కట్టారు. ఆ బంగళా ఇప్పుడు మ్యూజియం, ఆ వంటింటి బల్లని చూపిస్తారు. అక్కణ్నుంచి ఆంజే, ఆంజే నుంచి పడవలో నాంత్. ఏడాది క్రితం ఊరేగిన వీధుల్లోనే నెత్తుటి బట్టలతో మళ్లీ తిప్పారు. అప్పుడు చప్పట్లు కొట్టిన వాళ్లలో ఎంతమంది మళ్లీ చూడటానికి వచ్చారో. మార్చి 29 సాయంత్రం వియార్మ్ మైదానంలో కళ్లకి గంత వద్దని, కాల్చమని సైగ తనే ఇచ్చాడు. అప్పటికి ఇంకా ముప్ఫై మూడు నిండలేదు.

వాందే యుద్ధంలో చచ్చిన అక్కడి జనం సుమారు 1,70,000 అని ఒక లెక్క. దాన్ని జాతి నిర్మూలన అనాలా, అంతర్యుద్ధ దారుణం అనాలా అని ఫ్రాన్సులో నలభై ఏళ్లుగా కొట్టుకుంటున్నారు. 1993లో లే లూక్ స్మారకం తెరవడానికి రష్యా రచయిత సోల్జెనిత్సిన్ వచ్చాడు. ప్యుయ్ దు ఫూ అనే పెద్ద పార్కులో షరెత్ కథని గుర్రాలతో, ఫిరంగులతో షోగా ఆడుతున్నారు. అందులో అతను హీరో, ఎందుకు కాడు, టోపీ ఈక చాలు సగం పని చేయడానికి. కానీ అలాంటి చోట్ల రాజభక్తుల వాందే అన్న ఒకే ముద్ద తయారవుతుంది. గొడ్ల కోసం తుపాకీ అప్పజెప్పిన రైతు అందులో ద్రోహి అయిపోతాడు, లేదా అసలు కనపడకుండా పోతాడు. అతను ద్రోహి కాదు. అతను అడిగింది వచ్చింది, కాబట్టి ఇంటికి వెళ్లాడు. షరెత్ పోయిన ఐదేళ్లకి, 1801లో, నెపోలియన్ పోపుతో ఒప్పందం చేసుకుని చర్చిలన్నీ తెరిపించాక ఆ గొడవ దాదాపు సద్దుమణిగింది, రాజు లేకుండానే.

అనుమానం ఉంటే 1832 చూడండి. దీవిలోంచి వెనక్కి పోయిన ఆ ఆర్త్వా ప్రభువు ముసలితనంలో పదో షార్ల్‌గా రాజై, 1830లో జనం తరిమితే మళ్లీ పారిపోయాడు. అతని కోడలు బెర్రీ డచెస్ తన కొడుకుకి సింహాసనం కావాలని వాందేకి వచ్చి తిరుగుబాటుకి పిలిచింది. వెంట షరెత్ సోదరుడి కొడుకు ఒకడు, అదే ఇంటిపేరుతో. మామగారిలా కాకుండా ఈమె నిజంగానే నేల మీద దిగింది, మారువేషంలో పల్లెల్లో తిరిగింది. ఈసారి చీటీలు తీసేవాళ్లు ఎవరూ గుమ్మంలో లేరు, ఫాదరు చర్చిలోనే ఉన్నాడు. వచ్చినవాళ్లు కొన్ని వందలు. ఒకట్రెండు చోట్ల కాల్పులు జరిగి వారం తిరక్కుండా ముగిసిపోయింది. డచెస్ నాంత్‌లో ఒక ఇంట్లో పొయ్యి వెనక అరలో దాక్కుంటే, నవంబరు చలికి కాపలా సిపాయిలు ఆ పొయ్యిలోనే మంట వేశారు. వేడికి తట్టుకోలేక బయటికొచ్చి పట్టుబడింది.